ఈతమాను కింద పాలు

అమెరికాలో ఒక సోడా డబ్బా చుట్టూ కొన్నేళ్లుగా పెద్ద రగడే నడుస్తోంది. హెంప్ మొక్క నుంచి తీసిన సారం కలిపిన చల్లటి పానీయం అది. హెంప్ అంటే ఎక్కడిదో కొత్త మొక్క అనుకునేరు. గంజాయి జాతిదే. మత్తెక్కించే టీహెచ్‌సీ అనే పదార్థం మాత్రం ఇందులో బాగా తక్కువ.

2018లో అక్కడి వ్యవసాయ చట్టం ఒక హద్దు పెట్టింది. ఎండిన మొక్క బరువులో టీహెచ్‌సీ 0.3 శాతం లోపు ఉంటే అది హెంప్, మామూలు పంట. దాటితే గంజాయి. పొలంలో ఆకు తూచడానికి ఈ కొలత బాగానే ఉంది. ఆ ఆకు సారం సోడాలోకి వచ్చాకే చిక్కు మొదలైంది. ఒక డబ్బా 350 గ్రాములు ఉంటుందనుకుందాం. అందులో 0.3 శాతం అంటే గ్రాము పైనే, వెయ్యి మిల్లీగ్రాములు! మనిషికి మత్తెక్కడానికి అయిదో పదో మిల్లీగ్రాములు చాలు. లెక్క అర్థమైంది కదా? చట్టం గీత దాటలేదంటూనే మత్తు సోడాలు కిరాణా కొట్లలోకి వచ్చేశాయి.

మిన్నెసోటా రాష్ట్రం 2022లో మోతాదుకి 5 మిల్లీగ్రాములు మించకూడదనీ, 21 ఏళ్లు నిండినవాళ్లకే అమ్మాలనీ నియమం పెట్టుకుంది. మిగతా రాష్ట్రాలు తలా ఒక దారి పట్టాయి. చివరికి 2025 నవంబరులో అమెరికా కాంగ్రెస్ డబ్బా మొత్తానికి 0.4 మిల్లీగ్రాములే అని తేల్చేసి, ఏడాది గడువు పెట్టింది. పాత చట్టాన్ని నమ్ముకుని పెట్టుబడి పెట్టినవాళ్లూ, పంట వేసిన రైతులూ గగ్గోలు పెట్టారు. మొదటిరోజే మొక్కతో పాటు డబ్బాలో ఉన్నదాన్ని కూడా కొలిచి ఉంటే ఇంత రాద్ధాంతం ఉండేది కాదు.

మన దేశంలో ఈ విషయంలో కాస్త ముందుచూపే చూపించారు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం మొక్క పూత, కాయ ఉన్న కొసలే గంజాయి. వాటితో కలవకుండా విడిగా ఉన్న గింజలు, ఆకులు ఆ లెక్కలోకి రావు. దాన్ని ఆధారం చేసుకుని ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2021లో హెంప్ గింజని, గింజ నూనెని, పిండిని ఆహారంగా ఒప్పుకుంది. ఆ గింజలతో చేసే పానీయంలో టీహెచ్‌సీ కిలోకి 0.2 మిల్లీగ్రాములు దాటకూడదని అంకె కూడా రాసిపెట్టింది.

గంజాయి జాతి గింజల పానీయానికే దశాంశ స్థానం దాకా కొలత పెట్టగలిగిన దేశం మనది. మరి మన అనంతపురం మెట్టలో, ఎండిన వంకల పక్కన ఎవరూ నీళ్లు పోయకుండానే నిలబడి ఉండే ఈతమాను సంగతేమిటి? ఆ మాను నుంచి కారే తియ్యటి నీరాని మనం ఏ అంకెతో కొలుస్తున్నాం? ఈ వారం ముచ్చట అదే.

పొద్దున ఒకటి, సాయంత్రం ఇంకొకటి

"తాటిచెట్టు కింద కూచుని పాలు తాగినా కల్లే అంటారు" అని సామెత. మన సీమలో తాటికన్నా ఈత ఎక్కువ కనబడుతుంది కాబట్టి ఈతమాను కింద పాలు అనుకుందాం. నిజానికి ఈతమాను ఇచ్చేదే పాలలాంటిది. పాలు ఎలా నిలవ ఉండవో, నీరా కూడా అంతే.

రాత్రంతా మాను నుంచి చుక్కచుక్కగా కుండలో పడ్డ రసం తెల్లారేసరికి తియ్యగా ఉంటుంది. అందులో పది పదిహేను శాతం దాకా చక్కెరే. మత్తు ఏమీ ఉండదు. అయితే గాలిలో, కుండ అంచులో, చెట్టు గాటులో ఉండే ఈస్టులు, బ్యాక్టీరియా క్షణం ఊరుకోవు. ఎండ ఎక్కేకొద్దీ చక్కెరని తిని ఆల్కహాల్‌గా, పులుపుగా మార్చేస్తాయి. మధ్యాహ్నానికి నురగ కడుతుంది, సాయంత్రానికి దాదాపు బీరంత మత్తు ఉన్న కల్లయి కూచుంటుంది. ఎవరూ ఏమీ కలపక్కర్లేదు. ఒకే మాను, ఒకే కుండ, ఒకే మనిషి. పొద్దున ఆరింటికి పిల్లలకి పోయదగ్గ పానీయం, సాయంత్రం ఆరింటికి మద్యం.

కుండ లోపల సున్నం పూస్తే ఈ పులియడం నెమ్మదిస్తుంది. ఈ కిటుకు మన పెద్దలకి ఎప్పటినుంచో తెలుసు. ఇప్పుడైతే ఇంకా మంచి దారి ఉంది. కుండ చుట్టూ మంచు పెట్టి, రసాన్ని చెట్టు మీద నుంచే చల్లగా దించడం. కాసరగోడ్‌లోని కేంద్ర తోటపంటల పరిశోధన సంస్థ కొబ్బరికి ఇలాంటి మంచు పెట్టె తయారుచేసి, అలా దించిన రసానికి కల్పరస అని పేరు పెట్టింది. మన రాష్ట్రంలోనే రంపచోడవరం దగ్గర పందిరిమామిడి ఉద్యాన పరిశోధన స్థానంలో తాటి నీరా మీద ఇదే తరహా పని జరిగింది. కాబట్టి విద్య కొరత లేదు.

బెంగాల్ వెళ్లి చూడండి. అక్కడ చలికాలం వచ్చిందంటే ఇదే ఈత జాతి మాను రసాన్ని కాచి బెల్లం చేస్తారు. నొలెన్ గుడ్ అంటారు. దానితో చేసిన సందేశ్ కోసం జనం ఏడాదంతా ఎదురు చూస్తారు. ఆ మానుకి అక్కడ మిఠాయి మాను అని పేరు. ఇక్కడ కల్లు మాను అని పేరు. తేడా మానులో లేదు.

చట్టం ఎటు చూస్తోంది?

దీని వెనక పెద్ద చరిత్రే ఉంది. 1937లో రాజాజీ మద్రాసు రాష్ట్రంలో మద్యనిషేధ చట్టం తెచ్చి సేలం జిల్లాలో మొదలుపెట్టారు. మన కడప, చిత్తూరు దాకా అది వెంటనే వచ్చింది. 1948 అక్టోబరు 2 నాటికి రాష్ట్రమంతా నిషేధమే, అనంతపురంతో సహా. అప్పుడు గీత వృత్తినే నమ్ముకున్న కుటుంబాలకి చూపించిన దారి తీపి కల్లు, తాటి బెల్లం. సున్నం పూసిన కుండలో పట్టి బెల్లం వండుకోండి అన్నారు. గాంధీగారు కూడా నీరాని, తాటి బెల్లాన్ని మెచ్చుకుని ప్రోత్సహించినవారే.

కాగితం మీద బాగానే ఉంది. ఊళ్లో జరిగింది వేరు. సున్నం తక్కువైతే కేసు, కుండ దించడం ఆలస్యమైతే కేసు. గీత కార్మికుల తరఫున సర్దార్ గౌతు లచ్చన్న ఉద్యమమే నడపాల్సి వచ్చింది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక రామమూర్తి కమిటీ నిషేధం ఎత్తేయమని సిఫార్సు చేసింది. ఆ గొడవ మీదే 1954 నవంబరులో ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం అవిశ్వాస తీర్మానంలో ఒకే ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. ఆ మంత్రివర్గంలో ఉపముఖ్యమంత్రి మన అనంతపురం బిడ్డ నీలం సంజీవరెడ్డిగారే. కల్లు కుండ దెబ్బకి ఒక ప్రభుత్వమే పోయిందంటే, ఈ కుండ బరువు ఎంతో ఊహించుకోండి.

ఆ తర్వాత 1968లో ఎక్సైజ్ చట్టం వచ్చింది. అప్పటి నుంచీ చెట్టు గీయాలంటే దారి ఎక్సైజ్ శాఖ గుమ్మం నుంచే. సొసైటీలో సభ్యత్వం ఉండాలి, లేదా గీత కార్మికునికి చెట్టు పథకం కింద లైసెన్సు ఉండాలి. చెట్లకు లెక్క ఉంటుంది. 2022లో రాష్ట్రం అయిదేళ్ల కల్లు విధానం ప్రకటించి, చెట్ల మీద వసూలు చేసే అద్దెలు తీసేసింది. చెట్టు మీద నుంచి పడి చనిపోయినవారి కుటుంబానికిచ్చే పరిహారం 10 లక్షలకి పెంచింది. మంచి పనే, కాదనలేం.

అయితే ఒకటి గమనించండి. ఈ మొత్తం ఏర్పాటు చెట్టుని చూస్తోంది, ఎక్కే మనిషిని చూస్తోంది. కుండలో ఉన్నది ఏ గంటకి ఏమిటో చూడటం లేదు. రాజ్యాంగం ప్రకారం మత్తు పానీయాలు రాష్ట్రాల పని. ఆహార భద్రత చూసేది 2006 నాటి కేంద్ర చట్టం. నీరా ఈ రెండింటి మధ్య గట్టు మీద నిలబడి ఉంది. పొద్దున ఆహారం, సాయంత్రం మద్యం కాబట్టి, రెండు శాఖలూ దాన్ని పక్కవాడిదే అనుకోవచ్చు. లేదా ఇద్దరూ తమదే అనుకుని మీద పడొచ్చు. నష్టం ఎవరికి? చెట్టు దిగి వచ్చిన మనిషికి.

చల్లగా, తియ్యగా దించిన కుండకీ, పులిసిపోయిన కుండకీ చట్టం ముందు ఒకటే చూపు అయినప్పుడు, తీపిగా ఉంచడానికి ఎవడైనా ఎందుకు కష్టపడతాడు? మంచు కొనాలి, పెట్టె కొనాలి, తెల్లవారుజామునే దించాలి, తొమ్మిదిలోగా అమ్మాలి. ఇంత చేసినా వచ్చే పేరు కల్లువాడే. అందుకే కుండ కల్లు దుకాణానికే పోతుంది.

అక్కడితో ఆగినా బాధ లేదు. చెట్లు తక్కువ, గిరాకీ ఎక్కువ అయిన చోట అసలు బెడద మొదలవుతుంది. నీళ్లలో క్లోరల్ హైడ్రేట్, అల్ఫ్రాజోలం, డైజీపామ్ లాంటివి కలిపి కల్లని అమ్మేస్తారు. 2025 జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో ఇలాంటి కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. ఇంకెందరో ఆసుపత్రి పాలయ్యారు. అల్ఫ్రాజోలం, డైజీపామ్ రెండూ గంజాయి ఉన్న ఆ 1985 చట్టం కిందికే వస్తాయి. అసలు ఆ కల్లులో చెట్టు రసం ఎంత ఉందో దేవుడికే తెలియాలి. అయినా పేరు మాత్రం ఈతమానుకీ, ఎక్కే ఈడిగవాడికీ వస్తుంది.

ఇంతకీ ఏం మారాలి?

మొదటిది హద్దు. ఇది కొత్తగా కనిపెట్టాల్సిన పని కూడా లేదు. ఆల్కహాలిక్ పానీయాలకి ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018లో పెట్టిన నిబంధనల్లోనే ఆ అంకె ఉంది. ఆల్కహాల్ 0.5 శాతం దాటితేనే అది మద్యం. అదే అంకెని నీరాకి పెట్టండి. అమ్మే చోట గ్లాసులో కొలవండి. లోపు ఉంటే ఆహారం, ఆహార భద్రతా అధికారి చూసుకుంటాడు. దాటితే కల్లు, ఎక్సైజ్ వాళ్లు చూసుకుంటారు.

రెండోది, పులిసిన నీరాని నేరంగా చూడకూడదు. ఎండకి పాలు విరిగితే పాలవాడిని జైల్లో పెట్టం కదా. పులిసింది కాబట్టి నీరాగా అమ్మకూడదు, అంతే. లైసెన్సున్న కల్లు దుకాణానికి పోతుంది, లేదా పారబోస్తారు. మందు కలిపినవాడి సంగతి వేరు. వాడిది ప్రాణాలతో ఆట. ఈ రెంటినీ ఒకే గాటన కట్టినంతకాలం మందు కలిపేవాడు గీత కార్మికుడి చాటున దాక్కుంటూనే ఉంటాడు.

మూడోది లైసెన్సు ఎవరికన్నది. కేరళ 2014లో నీరాకి తలుపులు తీసింది. కొబ్బరి రైతుల కంపెనీలు ఉత్సాహంగా దిగాయి. రసాన్ని చల్లగా దించడం, దించినదాన్ని నిలవ పెట్టడం, రుచి తేడా రాకుండా చూసుకోవడం, అమ్ముడుపోయేలా చేసుకోవడం అన్నీ ఖర్చుతో కూడిన పనులై, చాలావాటికి అప్పులే మిగిలాయి. అనుమతి కాగితం ఒక్కటే సరిపోదని కేరళ నేర్పిన పాఠం. తెలంగాణ ప్రభుత్వం 2023 మేలో హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో నీరా కేఫ్ తెరిచింది. నగరవాసులకి నీరా రుచి తెలిసింది, మంచిదే. ఊళ్లో కుండ దించేవాడికి అందులో ఎంత వాటా వస్తుందన్నదే అసలు ప్రశ్న. అందుకే లైసెన్సు సొసైటీ చేతిలో ఉండాలి. బాటిల్ మీద బొమ్మ వేసుకునే కంపెనీ సొసైటీ దగ్గర కొనుక్కోవాలి. దారి మొత్తం కంపెనీకి ఇచ్చేస్తే, తన చెట్టు కిందే ఈడిగవాడు కూలివాడైపోతాడు.

నాలుగోది శుభ్రత. ఇది తేలిగ్గా తీసుకునేది కాదు. బంగ్లాదేశ్‌లో ఇదే జాతి ఈత రసం పచ్చిగా తాగినవాళ్లకి నిపా వైరస్ సోకిన ఘటనలు పదేపదే జరిగాయి. రాత్రిపూట గబ్బిలాలు వచ్చి ధార నాకుతాయి, కుండలో మూత్రం పోస్తాయి, వైరస్ రసంలో కలుస్తుంది. అక్కడ వెదురు తడికతో గాటునీ కుండనీ కప్పడం నేర్పించారు. మన దగ్గర కూడా కప్పు తప్పనిసరి చేయాలి. అమ్మే నీరాని వేడిచేసి చల్లార్చే పద్ధతి పెట్టాలి. నీరాని ఆహారం కిందికి తేవడమంటే నియమాలు తీసేయడం అనుకోకండి. పనికిమాలిన నియమం తీసి, ప్రాణం కాపాడే నియమం పెట్టడం.

అయిదోది బెల్లం. తొమ్మిదింటికల్లా అమ్ముడుపోని నీరాని ఏం చేయాలి? కాచేయాలి. బెంగాల్ చేస్తున్నది అదే. ఈత గీసేది ముఖ్యంగా చలికాలంలోనే కాబట్టి రాత్రి చలి మనకి కలిసొస్తుంది. పొయ్యికి కట్టెలకేం కరువు, సర్కారు కంప బీళ్లన్నీ ఆక్రమించి కూచుంది. ప్రతి సొసైటీకి ఒక పెనం, ఒక షెడ్డు, బెల్లానికి ఒక ఆహార లైసెన్సు ఉంటే, మిగిలిపోయిన కుండ నష్టం కిందికి రాదు.

సందేహాలూ ఉన్నాయి

"తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడ మేతకి అన్నాడట" అని ఇంకో సామెత. నీరా అనుమతి పేరుతో కల్లు అమ్ముతారని ఎక్సైజ్ అధికారుల అనుమానం. ఊరికే పుట్టిన అనుమానం కాదది. తాగుడుతో కాపురాలు కూలిన ఆడవాళ్ల భయం అంతకన్నా నిజమైనది. దూబగుంట ఆడవాళ్ల పోరాటం తర్వాతే 1993లో సారా నిషేధం వచ్చిందని మర్చిపోకూడదు. ఆ భయానికి జవాబు మాటలతో చెప్పలేం, కొలతతోనే చెప్పాలి. గ్లాసులో 0.5 దాటిందా లేదా అన్నది ఎవరైనా చూడగలిగేలా మండలానికొక పరీక్ష పరికరం ఉండాలి. సొసైటీ దగ్గర ఒకటి, మహిళా సంఘం దగ్గర ఒకటి ఉంటే ఇంకా మంచిది.

"అనంతపురంలో ఎన్ని ఈతమాన్లున్నాయి, దీనికింత చర్చా?" అనేవాళ్లూ ఉంటారు. ఏడాదికి దాదాపు 550 మిల్లీమీటర్ల వాన పడే నేల ఇది. అది కూడా సమయానికి పడదు. వేరుశనగ ఊడలు దిగే యాలకి వాన మొహం చాటేస్తే, ఆ ఏడు కూలీ లేదు, గింజ లేదు. బెంగళూరు బస్సే గతి. ఈతమాను అలా కాదు. వంక ఎండినా వేరు ఎక్కడో తడి వెతుక్కుంటుంది. ఆకుతో చాప, మట్టతో పొరక, రసంతో నీరా. మొదట్లో కనబడే గాట్లు లెక్కపెడితే అది ఎన్నేళ్లుగా ఇంటికి కూడు పెట్టిందో చెప్పొచ్చు. ఏటికొక గాటు, ఒక ఏడు ఈ పక్క, ఒక ఏడు ఆ పక్క. వరుసగా విశ్రాంతి లేకుండా గీస్తే మాను చచ్చిపోతుంది కాబట్టి విశ్రాంతి నియమం కూడా రాయాలి. చెరువు కట్టల మీద, వంకల గట్ల మీద ఉపాధి హామీ పనుల్లో ఈత నాటడం రాయాలి. మాను గీతకి రావడానికి ఏళ్లు పడుతుంది. ఇవాళ నాటనిది రేపటికి లేదు.

హిందూపురం నుంచి బెంగళూరు వంద కిలోమీటర్లు చిల్లర. అంత పెద్ద నగరంలో డబ్బాలో వచ్చే రంగునీళ్లకి వంద రూపాయలు పెట్టేవాళ్లున్నారు. మంచు పెట్టెలో పెట్టిన నీరా రెండు మూడు గంటల్లో అక్కడికి చేరగలదు. ఇవాళ అది సరిహద్దు దాటిందంటే ఇంకో రాష్ట్రం ఎక్సైజ్ చట్టం ఎదురొస్తుంది. ఆహారం అన్న ముద్ర గట్టిగా పడితేనే ఆ చెక్‌పోస్టు దగ్గర పాల వ్యానుకి దొరికే దారి దీనికీ దొరుకుతుంది.

2022లో ప్రకటించిన అయిదేళ్ల కల్లు విధానం 2027తో ముగుస్తుంది. కొత్తది రాయక తప్పదు. రాసేటప్పుడు అద్దెల గురించి, పరిహారం గురించి ఎలాగూ మాట్లాడతారు. దానితో పాటు నీరాకి ఒక అంకె, ఒక అధికారి, ఒక పెట్టె, ఒక పెనం అందులో ఉండాలని అడగాల్సింది ఇప్పుడే. అనంతపురం, సత్యసాయి జిల్లాల్లో గీత సొసైటీల్లో ఉన్నవాళ్లు ఈ కాలమ్ చదువుతుంటే, మీ ఎమ్మెల్యే వచ్చినప్పుడు దండ వేసే ముందు ఆ కాగితం చేతిలో పెట్టండి. ముసాయిదా తయారయ్యాక అడిగితే, పులిసిన కుండని తీపి చేయమన్నట్టే ఉంటుంది.